మేస్త్రి వెనక్కి తిప్పిన నిమిషాలు

నవంబరు ఏడవ తేదీ, గురువారం. ముందురోజంతా కురిసిన వాన తెరిపి ఇచ్చింది గాని, ఎండ మాత్రం రావాలా మానాలా అని మబ్బుల చాటున తటపటాయిస్తోంది. మూర్ఛరోగం మెదడును ఏం చేస్తుందో పరిశోధించే డాక్టరమ్మ గడియారాల మేస్త్రి దుకాణం మెట్టెక్కింది. అప్పుడు వేళ సరిగ్గా పది గంటల నలభై రెండు నిమిషాలు. ఇది ఆమె సెల్‌ఫోను ప్రకారం. దుకాణం గోడలమీది ఇరవై మూడు గడియారాలు మాత్రం ఏకకంఠంతో పది నలభై అంటున్నాయి. ఈ రెండు నిమిషాల తేడాకోసమే ఆవిడ పనిగట్టుకుని వచ్చింది.

మేస్త్రికి అరవై ఒకటో ఏడు. బక్కపలచని మనిషి. నలభై ఏళ్లుగా భూతద్దం బిగించి బిగించి కుడికంటి చుట్టూ ఒక వలయం శాశ్వతంగా నిలిచిపోయింది. దురలవాట్లు లేవు, ఒక్క గర్వం మాత్రం ఉండేది. గడియారం చూడకుండా వేళ చెప్పగలనని ఆ గర్వం. చేతులు ఏ చక్రాన్ని తుడుస్తున్నా, నోరు ఎవరితో మాట్లాడుతున్నా, లోపలెక్కడో సెకన్ల లెక్క సాగుతూనే ఉండేది. వీధిలో పోయేవారు సరదాకు "మేస్త్రీ, టైమెంత?" అని కేకేస్తే, తలెత్తకుండానే "పదకొండూ పదమూడు" అనేవాడు. వాళ్లు తమ వాచీ చూసుకుని నోరు వెళ్లబెట్టేవారు.

ఆయన భార్య టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై ఏళ్లు ఆపరేటరుగా చేసి విరమించింది. దూరపు ఊళ్లకు మాట కలపడం, మూడు నిమిషాలు కాగానే మధ్యలో దూరి హెచ్చరించడం ఆమె ఉద్యోగం. ఉద్యోగం వదిలినా అలవాటు వదలలేదు. ఇంటికి వచ్చిన చుట్టం కాస్త సాగదీస్తే "మూడు నిమిషాలైంది, పొడిగిస్తారా?" అనేది. ఆ కారణంచేత చుట్టాలు క్లుప్తంగా మాట్లాడడం నేర్చుకున్నారు. కొందరు రావడమే మానుకున్నారు. వీధివాళ్లు ఆమెను ఎక్స్ఛేంజమ్మ అని పిలిచేవారు.

రెండేళ్ల క్రితం మేస్త్రిలో ఒక వింత మొదలైంది. పనిచేస్తూ చేస్తూ ఉన్నట్టుండి ఆగిపోయేవాడు. కళ్లు తెరిచే ఉండేవి. చూపు మాత్రం ఎక్కడా ఆనేది కాదు. పెదవులు ఏదో రుచి చూస్తున్నట్టు చప్పరించేవి. ఎడమచేయి చొక్కా గుండీని పట్టుకుని వాచీకి కీ ఇస్తున్నట్టు తిప్పుతూ ఉండేది. నిమిషమో, నిమిషమున్నరో, రెండు నిమిషాలో గడిచాక మనిషి మళ్లీ దిగివచ్చేవాడు. తాను ఎక్కడికైనా వెళ్లినట్టు ఆయనకు తెలియదు. లోపలి లెక్క ఆగినచోటినుంచే, ఏమీ జరగనట్టు మళ్లీ సాగేది.

చిక్కంతా అక్కడే వచ్చింది. తలెత్తి చూస్తే గోడమీది గడియారాలన్నీ తన లెక్కకంటే ముందుండేవి. ఇంకొకరైతే తమను తాము శంకించుకునేవారు. మేస్త్రి గడియారాలను శంకించాడు. ఇరవై మూడూ ఒకేసారి, ఒకే మోతాదులో తప్పుతాయా అంటే దానికీ ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. ఆ మధ్యే లారీలను దుకాణం ముందునుంచి పోయేలా మళ్లించారు. లారీల అదురుకు గడియారాలు కంగారుపడి పరుగెత్తుతున్నాయట! ఆ నిర్ధారణతో స్టూలు వేసుకుని ఒక్కొక్క ముల్లునూ వెనక్కి తిప్పేవాడు. గంట కొట్టేవాటిని వెనక్కి తిప్పితే యంత్రం పాడవుతుంది గనుక, వాటి లోలకాలను చేతికొకటి చొప్పున పట్టుకుని, తన లెక్క వచ్చి కలిసేదాకా కదలకుండా నిలబడేవాడు. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి రేడియోలో గంట కొట్టేసరికి అన్నీ వెనకబడి ఉండేవి. "నిన్న సాయంత్రం లారీలు తక్కువ తిరిగినట్టున్నాయి" అని అన్నిటినీ ముందుకు తిప్పేవాడు. ఆయన దగ్గర వాచీ బాగుచేయించుకున్నవారికి బస్సులు తప్పిపోయేవి.

దుకాణంతో పోయేదైతే పోనీ అనుకోవచ్చు. ఊరిమధ్య గడియారస్తంభం ఒకటుంది. ఎనభై నాలుగు మెట్లు, ఆపైన పన్నెండు మెట్ల ఇనుపనిచ్చెన. ప్రతి శనివారం ఉదయం ఏడింటికి పైకెక్కి దానికి కీ ఇవ్వడం మేస్త్రి పని. ఆయనకు ఈ విద్య నేర్పిన మామగారు చేసిన పని అది. ఆయన పోయాక ఇరవై ఆరేళ్లుగా మేస్త్రిదే. ఏటా నవంబరు ముప్పైలోగా "ఎత్తులెక్కుటకు తగిన ఆరోగ్యము గలవాడు" అని ఒక డాక్టరు సంతకం తెచ్చి మునిసిపాలిటీ ఇంజనీరుకు ఇవ్వాలి. ఆ ఇంజనీరు మేస్త్రికి స్వయానా బావమరిది. బావమరిది అయినా కాగితం కాగితమే. అది లేకపోతే స్తంభం లేదు. స్తంభం లేకపోతే, కిందనుంచి తలెత్తి వేళ చూసుకునే పదిమందిలో తానూ ఒకడైపోతాడు.

రెండేళ్లుగా ఎక్స్ఛేంజమ్మ కూడా ప్రతి శనివారం ఆయన వెంట ఎక్కుతోంది. "పైన గాలి బాగుంటుందండీ" అనేది. గాలి ఉన్నా లేకున్నా ఆయన చొక్కా అంచును రెండు చుట్లు తిప్పి పిడికిట్లో బిగించుకుని ఉండేది. అంతేకాక ఒక నోటుబుక్కులో తేదీ, వేళ, ఎన్ని సెకన్లు అని, ట్రంకు కాల్ చీటీ రాసినట్టే, ప్రతి ఆగుడూ రాసుకుంటూ వచ్చింది. రెండు వందల పద్నాలుగు పూర్తయ్యాక ఆ పుస్తకం పట్టుకువెళ్లి ఆసుపత్రిలో డాక్టరమ్మ బల్లమీద పెట్టింది.

అందుకని డాక్టరమ్మ ఆగిపోయిన వాచీ ఒకటి తీసుకుని, మామూలు బేరంలా వచ్చింది. మేస్త్రి భూతద్దం కూడా బిగించలేదు.

"దీనికేం రోగం లేదమ్మా. కీ పైకి లాగి ఉంది. లాగిన చెయ్యి మీదేననుకుంటా."

డాక్టరమ్మ ముఖం కందిపోయింది. "అంటే... అదీ..."

"ఊరికే వచ్చినా కూర్చోమనేవాణ్ణే. పాపం, వాచీకెందుకు శిక్ష?"

మూల కుర్చీలో స్వెట్టరు అల్లుతున్న ఎక్స్ఛేంజమ్మ తలెత్తింది. "ఏమండీ, ఆవిడ డాక్టరు. నేనే రమ్మన్నాను."

"ఎవరికి బాగాలేదు?"

"కొందరికి."

"కొందరికా? ఆ కొందరెవరో కాస్త..."

మాట అక్కడ ఆగింది. పెదవులు చప్పరించాయి. ఎడమచేయి గుండీని వెతుక్కుంది. ఎక్స్ఛేంజమ్మ ఊలు పక్కన పెట్టి, భర్తను ఏనాడూ ముట్టనివ్వని తన చేతివాచీ చూస్తూ పెన్సిలు అందుకుంది. డాక్టరమ్మ లేచి, బల్లమీది చిన్న స్క్రూడ్రైవరును ఆయన చేతికి అందకుండా జరిపింది. వీధిలో ఒక్క లారీ కూడా పోలేదు.

"...తేల్చి చెప్పు!" అని మేస్త్రి వాక్యం పూర్తి చేశాడు. పూర్తి చేసి, గోడవైపు చూసి, నాలుక చప్పరించాడు. "చూశావా, మళ్లీ ఉరికాయి! కూర్చోండమ్మా, ఒక్క నిమిషం. కాదు, నిమిషం ముప్పై అయిదు సెకన్లు."

ఆయన స్టూలెక్కి రెండు లోలకాలు పట్టుకుని, ధ్వజస్తంభంలా నిలబడ్డాడు. పద్నాలుగేళ్లుగా మూర్ఛరోగులను చూస్తున్న డాక్టరమ్మ, పోయిన నిమిషాలను చేత్తో పట్టుకుని వెనక్కి లాగే మనిషిని అంతవరకు చూడలేదు. చేతిలో కలం ఉన్న సంగతే మరిచిపోయింది.

"మేస్త్రిగారూ, ఇప్పుడు లారీ ఏదీ పోలేదండీ."

"మీరు చూసుండరు."

"మీరు చూశారా?"

"నేనూ చూడలేదు. అయినా గడియారాలే చెబుతున్నాయిగా!"

ఆవిడ నెమ్మదిగా అసలు సంగతి చెప్పింది. మేస్త్రి లోలకాలు వదలకుండానే విన్నాడు.

"మూర్ఛా? మూర్ఛంటే కిందపడాలి, నోట్లో నురగ రావాలి, నలుగురూ పోగవ్వాలి. నేను నిక్షేపంలా కూర్చునే ఉన్నాను. పోగవ్వడానికి ఇక్కడ నలుగురు లేరు కూడా."

"అందరికీ పడిపోయే మూర్ఛే రాదండీ. కణత వెనక, చెవికి కాస్త పైన, జ్ఞాపకాలు రాసుకునే చోటొకటుంది మెదడులో. అక్కడి కణాలన్నీ ఒక్కసారి చెలరేగితే, సద్దుమణిగేదాకా రాత ఆగిపోతుంది. మనిషి కళ్లు తెరిచే ఉంటాడు. తర్వాత అటుపక్క అంచూ ఇటుపక్క అంచూ కలిపి, అతుకు కనబడకుండా మెదడే కుట్టేసుకుంటుంది. ఆ కుట్టు ఎలా పడుతుందన్నదే నా పరిశోధన."

"నా బుర్రలో కుట్లేం లేవు."

"వదిలేస్తే జ్ఞాపకశక్తి అరిగిపోవచ్చు."

"అరగడానికి నూనె వెయ్యకుండా వదిలేశానా? రోజూ తలకు రాసుకుంటూనే ఉన్నాను."

డాక్టరమ్మ దారి మార్చింది. "గడియారం చూడకుండా వేళ చెబుతారటగా మీరు? దాన్నోసారి కొలవాలని ఉంది."

మేస్త్రి లోలకాలు వదిలేశాడు. "ఎప్పుడు రమ్మంటారు?"

నవంబరు పద్దెనిమిది, సోమవారం నాడు ఆయన మూడు రోజులకని ఆసుపత్రిలో చేరాడు. మొదట ఒక పరీక్ష. కళ్లు మూసుకుని, నిమిషం అయిందనిపించినప్పుడు మీట నొక్కాలి. అంతకుముందు కూర్చున్నవాళ్లు పది పదిహేను సెకన్ల తేడాతో నొక్కారు. మేస్త్రి ఇరవై సార్లు నొక్కితే ఒక్కసారీ తేడా సెకను దాటలేదు. డాక్టరమ్మ ఆనందానికి హద్దు లేకపోయింది. ఎక్స్ఛేంజమ్మ మాత్రం తల పట్టుకుంది. "ఎందుకమ్మా మెచ్చుకున్నావు? ఇక ఈ మనిషిని పట్టడం మన తరమా?"

తరువాత నెత్తికి జిగురు రాసి ఇరవై ఒక్క తీగలు అంటించి, పైన గుడ్డ చుట్టారు. మెదడులోని విద్యుత్తు గీతలు గీతలుగా పక్కగదిలోని తెరమీద పడుతుంది. గది పైకప్పున ఉన్న కెమెరా మనిషిని చూస్తూ ఉంటుంది. పొద్దుపోక, మేస్త్రి ఒళ్లో పళ్లెం పెట్టుకుని నర్సుల వాచీలు తుడిచిపెట్టసాగాడు.

పదకొండూ ఎనిమిదికి గీతలు చెలరేగాయి. యంత్రం చూసే ఆయన "వచ్చింది, వచ్చింది!" అని ఎగిరి గంతేశాడు. నిమిషమున్నర గడిచింది. మేస్త్రి దిగివచ్చి, ఎదుటి గోడమీది బ్యాటరీ గడియారం చూశాడు. మరుక్షణం మంచమెక్కి నిలబడ్డాడు. పక్కగదిలో ఇరవై ఒక్క గీతలూ ఒక్కసారి పిచ్చెత్తినట్టు ఎగిసి, పద్నాలుగు చప్పున చచ్చిపోయాయి. యంత్రం చూసే ఆయన పరుగున వచ్చేసరికి, తీగలు జడలుగా వేలాడుతున్న మేస్త్రి గడియారం ముల్లు వెనక్కి తిప్పుతున్నాడు.

"ఏంటండీ ఈ పని? గంటసేపు పట్టింది అంటించడానికి!"

"మీ ఆసుపత్రిలో ఇంత తప్పుడు గడియారం పెట్టుకుని మందులు వేళకు ఎలా ఇస్తున్నారయ్యా?"

"ఇక్కడ లారీలు కూడా లేవుగదండీ" అంది ఎక్స్ఛేంజమ్మ.

"బ్యాటరీది. దానికి శీలం లేదు."

మధ్యాహ్నం డాక్టరమ్మ ఆయనకు వీడియో చూపించింది. తన పెదవులు చప్పరించడం, తన చేయి గుండీని తిప్పడం మేస్త్రి రెప్పవేయకుండా చూశాడు. అయిపోగానే తెర మూలన తిరుగుతున్న అంకెలమీద వేలు పెట్టాడు. "ఇది కూడా ఎవరో ఎక్కడో కూర్చుని తిప్పేదే. మనిషిని ఎలాగైనా చూపించొచ్చు ఇందులో."

"మరి మీరు నమ్మే గడియారం ఈ లోకంలో ఏదైనా ఉందా?" అని డాక్టరమ్మ విసిగిపోయి అడిగింది.

"ఒకటుంది" అన్నాడు మేస్త్రి.

అది మామగారి పెట్టెగడియారం, కదిపినా ఆగని లోలకం లేని రకం. ఇంట్లో, లారీలు రాని సందువైపు గదిలో ఉంటుంది. వారానికోసారి కీ ఇవ్వాలే తప్ప, దాని ముల్లును ఎవరూ ముట్టకూడదని మామగారు పోయేముందు మాట తీసుకున్నారు. ముట్టవలసిన అవసరమూ ఎన్నడూ రాలేదు. ఏ ఉదయం రేడియోతో పోల్చినా అది రేడియో తప్పును పట్టుకునేలా ఉండేది. దాని అద్దపుతలుపు తాళంచెవి మేస్త్రి చొక్కా లోపలి జేబులోనే ఉంటుంది.

"అది తెప్పించండి. దాని లెక్కా నా లెక్కా కలిస్తే మీరు నా కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ రోగం పేరు మళ్లీ ఎవరూ ఎత్తకూడదు."

"కలవకపోతే?"

మేస్త్రి కిటికీవైపు చూశాడు. దూరాన ఇళ్లకప్పుల మీదుగా గడియారస్తంభం కొస కనబడుతోంది. "కలవకపోతే మా బావమరిదికి నేనే చెబుతాను. స్తంభం వదిలేస్తాను."

ఎక్స్ఛేంజమ్మ మర్నాడు ఆ గడియారాన్ని చంటిపాపను తెచ్చినట్టు దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని తెచ్చింది. మంచం పక్క బల్లమీద నిలిపారు. మేస్త్రి దాన్ని ఫోనుతో, రేడియోతో, తనతో పోల్చి, ముగ్గురూ పాసయ్యారని ప్రకటించాడు. తీగలు మళ్లీ అంటించారు. యంత్రం చూసే ఆయన ఈసారి మంచం కాళ్లదగ్గరే కుర్చీ వేసుకున్నాడు. ఆ మంగళవారమంతా ఏమీ జరగలేదు. "రోగముంటే గదా రావడానికి!" అని మేస్త్రి అన్నం రెండోసారి వడ్డించుకున్నాడు.

బుధవారం సాయంత్రం నాలుగూ పదిహేడుకు ఆయన చేతిలో ఒక నర్సు వాచీ ఉంది. దానిలోని చిన్నచక్రాన్ని పట్టకారుతో పైకెత్తి, ఇక దించాలి. ఆ పట్టకారు గాలిలోనే నిలిచిపోయింది.

దిగివచ్చాక చక్రాన్ని భద్రంగా దించాడు. లోపలి లెక్క నాలుగూ పదిహేడు అంది. అలవాటు ప్రకారం పక్కకు చూశాడు. పెట్టెగడియారం నాలుగూ పద్దెనిమిది దాటి యాభై సెకన్లు అంది.

మేస్త్రి చెయ్యి జేబులోకి వెళ్లింది. తాళంచెవి తీసి, అద్దపుతలుపు తెరిచాడు. చూపుడువేలు నిమిషాల ముల్లు దగ్గరదాకా వెళ్లింది. ఇరవై మూడు గడియారాలను జంకకుండా వెనక్కి తిప్పిన వేలు అది. వెంట్రుకవాసి దూరంలో ఆగింది. ఆయన ముందుకు వంగి, చెవి పెట్టి విన్నాడు. మామగారి దగ్గర పని నేర్చుకున్న తొలి ఏడాది, చక్రాలు ముట్టనివ్వకుండా ఆయన చేయించిన పని ఇదొక్కటే, ఊరికే వినడం. ఎక్కడా తడబాటు లేదు.

ముల్లును ముట్టకుండానే తలుపు మూసి, తాళం వేశాడు.

"ఎంతసేపు?" అని భార్యను అడిగాడు.

"నిమిషం నలభై ఎనిమిది."

"గడియారం నిమిషం యాభై అంటోంది."

"అది నాన్నదిగా, నిజమే అయ్యుంటుంది. నేను చూసేసరికి రెండు సెకన్లు పోయుంటాయి."

మేస్త్రి దుప్పటి అంచు సరిచేశాడు. "ఆ పుస్తకంలో రాసినవన్నీ కూడితే ఎంతవుతుంది?"

ఆవిడ పుస్తకం తెరవలేదు. "ఆరు గంటల రెండు నిమిషాలు."

"అంటే ఒక పూట పోయిందన్నమాట."

"మీకు పోయింది. నాకెక్కడికి పోయింది? ఆరు గంటలూ ఎదురుగా కూర్చుని చూస్తూనే ఉన్నాను."

గడియారం వినిపిస్తూనే ఉంది. యంత్రం చూసే ఆయన ముక్కు చీదుకున్నాడు. "మీకేమైందయ్యా?" అని మేస్త్రి కసిరాడు.

గురువారం ఉదయం తలలో జిగురు పూర్తిగా వదలకముందే ఆయన బావమరిది కచేరీకి వెళ్లాడు. వెనకే భార్య. ఇంజనీరు ఫైళ్లు పక్కకు జరిపి కుర్చీ చూపించాడు. మేస్త్రి కూర్చోకుండానే మొత్తం చెప్పేశాడు. మూడు నిమిషాల్లోపే ముగిసింది.

"బావగారూ, ఈ మాట మీ నోట ఎప్పుడొస్తుందా అని రెండేళ్లుగా చూస్తున్నాను" అన్నాడు ఇంజనీరు.

"నీకు ముందే తెలుసా? ఎవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా? అక్క మీ వెంట స్తంభమెక్కిన మొదటి శనివారమే అనుమానమొచ్చింది. అక్కకు చిన్నప్పటినుంచీ ఎత్తంటే గుండెదడ. మేడమీద బట్టలు కూడా నాచేత ఆరేయించేది. అలాంటి మనిషి గాలికోసం ఎనభై నాలుగు మెట్లు ఎక్కుతుందా? అందుకే గదా నిచ్చెన చుట్టూ ఇనుపకడ్డీల బోను కట్టించాను. పావురాలు రాకుండా అని ఫైల్లో రాశాను."

మేస్త్రి భార్యవైపు తిరిగాడు. "పైన గాలి బాగుంటుందన్నావు?"

"బాగుంటుందో లేదో నాకేం తెలుసు? కళ్లు మూసుకునే ఉండేదాన్ని."

"ఏరా, అంతా తెలిసీ రెండేళ్లు నన్నెక్కనిచ్చావా?"

"తప్పే బావగారూ. మీ దగ్గరకొచ్చి దిగమని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. కాగితం అడిగే ధైర్యమే ఉంది." ఇంజనీరు ఒక ఫైలు తెరిచాడు. "సరే, శనివారం నుంచి కీ ఎవరిస్తారు? పక్క ఊరునుంచి మనిషిని పిలిపించనా?"

"వాడా! చక్రాలకు వంటనూనె పోస్తాడు వాడు!" అని మేస్త్రి లేవబోయాడు, అప్పటిదాకా కూర్చోనే లేదన్న సంగతి మరిచి.

"కీ తిప్పడం నాకొచ్చు" అంది ఎక్స్ఛేంజమ్మ. "వంద వారాలు చూశాను."

"కళ్లు మూసుకునేదాన్నన్నావుగా?"

"కీ తిప్పేటప్పుడు తెరిచేదాన్ని. అప్పుడు ఇంకా గట్టిగా పట్టుకోవాలిగా. ఇప్పుడు పట్టుకోవలసిన చొక్కా లేదు. రెండు చేతులూ ఖాళీ."

తరువాతి సంగతులు ఇవి. మేస్త్రి ఆ గురువారం రాత్రి భోజనంతోనే మాత్రలు మొదలుపెట్టాడు. రోజుకు రెండు పూటలా వేసుకుంటాడు. మొదటి ఏడాది ఆయన తొమ్మిదిసార్లు ఆగాడు, రెండో ఏడాది ఒకసారి, ఆ తరువాత నేటివరకు లేదు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు మరిచిపోవడం కొంత మిగిలింది. డాక్టరమ్మ పరిశోధన అచ్చయింది. అందులో మేస్త్రి పేరు లేదు, పదిహేడో వ్యక్తి అని ఉంది. పుస్తకంలోని సెకన్లకూ గడియారాల వెనకబాటుకూ ఎలా పొంతన కుదిరిందో చూపే పటం ఒకటి అందులో వేశారు. ఆ పటంలో ఒకచోట మూడు సెకన్ల తప్పు ఉందని ఆయన ఉత్తరం రాస్తే, పరిశీలించి దిద్దారు. యంత్రం చూసే ఆయన తన వాచీలన్నీ ఆయన దగ్గరే బాగుచేయించుకుంటున్నాడు. స్టూలు దుకాణంలో లేదు; ఇంట్లో పెట్టెగడియారం కింద ఉంది.

గడియారస్తంభానికి కీ ఇచ్చేది ఎక్స్ఛేంజమ్మ. ప్రతి శనివారం ఏడింటికి ఆమె పైన, మేస్త్రి కింద అరుగుమీద, ఇద్దరి చెవులకూ ఫోన్లు. "ఎన్ని చుట్లయింది? నెమ్మదిగా తిప్పు. చక్రం చప్పుడు నాకు వినిపించు" అని ఆయన పైకి చెబుతూనే ఉంటాడు. మూడు నిమిషాలు కాగానే ఆమె ఫోను పెట్టేస్తుంది.